ఊరికే కూర్చున్నవాడు

ఏంటా మొహం? ఉప్పు లేదా? లేదురా, వెయ్యలేదు. వెయ్యలేకపోయాను. డబ్బా మూత తీశాను గానీ చెయ్యి లోపలికి పోలేదు. అందుకే చప్పగా తెచ్చాను. తింటే తిను, లేకపోతే ఆ మూలన తిరిగే ఎలకలకి పెట్టు.

ఆ గిన్నె వెనక్కి నెట్టకు! ఈ ఊచల సందులోంచి గిన్నె లోపలికి తొయ్యడానికి ఎంతమందిని బతిమాలానో తెలుసా? ఇదిగో, ఈ కానిస్టేబుల్ బాబునే అడుగు. మేకలు కోసే ఆడదాన్ని, ఎవరి ముందూ చెయ్యి చాచనిదాన్ని, నీ కోసం పళ్ళికిలించాను.

తిను. తింటూ విను.

పొద్దున్నించీ ఆలోచిస్తున్నాను, నన్ను చూడగానే వీడు మొదట ఏం అడుగుతాడా అని. "అక్కా, అన్న ఎలా ఉన్నాడు" అంటావనుకున్నాను. ఏం అన్నావు? "లాయరు ఏమన్నాడు" అన్నావు! అదే కదా అన్నావు? మళ్ళీ అను. అనరా!

దగ్గరికి రా. ఇంకా. మొహం ఊచలకి ఆనించు.

ఏం, మండిందా? ఇంకో చెంప ఇటు తే. బాబూ, నువ్వు లాఠీ దించు, ఇది మా ఇంట్లో గొడవ. వీడికి పాలపళ్ళు ఊడినప్పటి నుంచీ కొడుతున్నాను నేను. ఇవాళ కొత్తగా నేరం అయిపోతుందా?

చెప్తానురా, లాయరు మాట కూడా చెప్తాను. ముందు ఇది విను.

అసలేమన్నావు నువ్వు మీ అన్నని ఆ రోజు? నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. నేను అక్కడే మొద్దు మీద తొడ ముక్కలు కొడుతున్నాను. "మేం చచ్చేలా నరుకుతుంటే నువ్వు ఊరికే కూర్చుని తింటున్నావు" అన్నావు. ఊరికే! ఆ ఒక్క మాట. వాడేమన్నాడు? నవ్వాడు. స్టూలు మీదే కూర్చున్నాడు. మోకాలు చితికినప్పటి నుంచీ వాడికి ఆ స్టూలే కదా దిక్కు!

నీకు ఆ నవ్వు నచ్చలేదు. కోల్డ్ రూమ్ తలుపుకి రాత్రిపూట అడ్డంగా వేసే ఇనప కమ్మీ గోడకి ఆనించి ఉంది. అది తీశావు. నేను కత్తి పక్కన పడేసి వచ్చేలోగా వేశావు. మొదటి దెబ్బకే వాడు ఒరిగిపోయాడు. అక్కడితో ఆగితే కోపం అందును. పడ్డవాణ్ణి మళ్ళీ కొట్టావు. మళ్ళీ. కుండ పగిలినట్టు చప్పుడైంది. నేను వేల తలకాయలు చీల్చాను నా ఈ చేతులతో, ఆ చప్పుడు నాకు తెలియదా? తెలుసు కాబట్టే నీ మీదికి దూకాను.

నీ చేతిలోంచి కమ్మీ లాక్కోవడానికి నీ మణికట్టు కొరికాను. చూపించు. పుండు పట్టింది చూడు. పట్టనీ.

నిజం చెప్పనా? ఆ కమ్మీ నా చేతికి రాగానే నీ నెత్తిన వెయ్యాలనిపించింది. ఎత్తాను కూడా. మీ వదిన అరిచింది, "వదినా, ఇద్దర్నీ పోగొట్టుకోవద్దు" అని. అందుకే బతికున్నావు. లేకపోతే ఆ గదిలో నీ బదులు నేనే చప్పన్నం తింటూ ఉండేదాన్ని.

ఆ, ఉప్పు దగ్గర కదా మొదలుపెట్టాను.

నాన్న ఉప్పు చూపించేవాడు, గుర్తుందా? ఎవరైనా బేరానికి వచ్చి, "ఇది నిన్నటి సరుకేమో" అని ముక్కు చిట్లిస్తే చాలు. "అమ్మాయ్, ఉప్పు చూపించు" అనేవాడు. అప్పుడే కోసిన మేక తొడలోంచి ఇంత కండ తీసి మొద్దు మీద పరిచేదాన్ని. చిటికెడు ఉప్పు చల్లితే చాలు. గిలగిలా కొట్టుకునేది! ఎగిరేది! వచ్చినవాడు రెండడుగులు వెనక్కి వేసి, ఇంకేం మాట్లాడకుండా కొనుక్కుపోయేవాడు. నువ్వు చప్పట్లు కొట్టేవాడివి. మీ అన్న వచ్చి నా వెనక దాక్కునేవాడు. "అక్కా, దానికి నొప్పేస్తోంది" అని ఏడ్చేవాడు. మనమిద్దరం ఎంత నవ్వామురా వాణ్ణి చూసి! "ఒరేయ్ పిరికిపందా, మేక ఎప్పుడో పోయింది, కండ ఆడుతోందంతే" అనేదాన్ని.

నా నోటితో నేనే అన్నాను. అది గుర్తుపెట్టుకో, మళ్ళీ దానికే వస్తాను.

ఆసుపత్రిలో వాడి ముక్కులో గొట్టం, నోట్లో గొట్టం. తలకి ఇంత లావు కట్టు. మిషను బుస్సుమంటే ఛాతీ లేస్తుంది, బుస్సుమంటే పడుతుంది. ఆ డాక్టరమ్మ చిన్నపిల్ల, మన ఇంట్లో పుట్టి ఉంటే ఇంకా నా దగ్గర తిట్లు తింటూ ఉండేది. వచ్చి నెమ్మదిగా చెప్పింది, "అమ్మా, తలలో ఏమీ మిగల్లేదు" అని.

నేను నమ్ముతానా? నమ్మలేదు. ఒళ్ళు వెచ్చగా ఉంది. గుండె కొట్టుకుంటోంది. పోయినవాడి ఒళ్ళు ఎలా ఉంటుందో నాకు నువ్వు చెప్తావా అని ఆ పిల్ల మీద విరుచుకుపడ్డాను. నానా మాటలూ అన్నాను. పాపం, పడింది.

తర్వాత ఏం చేశానో తెలుసా? నవ్వకు. నవ్వావంటే ఊచలు విరిచి లోపలికొస్తాను.

కింద క్యాంటీన్‌లో ఉప్పు పొట్లం తెచ్చుకున్నాను. కొంగులో దాచాను. వాడు పడినప్పుడు గచ్చు అంచుకి గీసుకుని మోచేతి కింద తోలు లేచిపోయింది కదా, నర్సు అటు తిరగ్గానే ఆ పచ్చి పుండు మీద ఉప్పు రాశాను.

అవునురా. నా తమ్ముడికి ఉప్పు చూపించాను.

వేళ్ళు ముడుచుకున్నాయి! నా కళ్ళారా చూశాను. చెయ్యి ఇలా లోపలికి లాక్కుంది. నేను వేసిన కేకకి ఆ అంతస్తంతా పరిగెత్తుకొచ్చింది. "బతికే ఉన్నాడు! నా తమ్ముడు బతికే ఉన్నాడు, మిషను ముట్టుకున్నారో నరికేస్తాను ఒక్కొక్కళ్ళని!" అని గుమ్మానికి అడ్డం పడుకున్నాను.

ఇద్దరు వార్డు మనుషులు రెక్కలు పట్టుకుని లేపారు. ఒకడి చెవి కొరికాను. ఏం చెయ్యను, నాకు వచ్చిన విద్య అదే.

డాక్టరమ్మ వాళ్ళని పంపించేసింది. నా పక్కనే గచ్చు మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను, పుండు మీద ఉప్పు రాశానుగా. తిట్టలేదు. "ఆ చెయ్యి బతికే ఉందమ్మా" అంది. "వెన్నులో నరాలు కూడా బతికే ఉన్నాయి. గుండె కొట్టుకుంటోంది కాబట్టి వాటికి రక్తం అందుతోంది. చురుక్కుమంటే తల చెప్పక్కర్లేకుండానే వెన్నే చెయ్యిని లాగేస్తుంది. కానీ తలలోకి మాత్రం రక్తం పోవడం లేదు."

"మిషను గాలి కొడుతోందిగా, ఎందుకు పోదు?" అన్నాను.

అప్పుడు నన్నొక ప్రశ్న అడిగింది. "నరం ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు ఏం చేస్తూ ఉంటుందనుకుంటున్నారు?"

"ఏం చేస్తుంది? ఊరికే ఉంటుంది" అన్నాను.

నా నోట్లోంచి కూడా అదే మాట వచ్చిందిరా. నీ మాట.

"ఊరికే ఉండదమ్మా" అంది ఆ పిల్ల. వేలితో గచ్చు మీద ఇంత గుండ్రంగా గీసి చూపించింది. ఇది నరంలో ఒక కణం అనుకోమంది. దాని బయట సోడియం ఎక్కువట, మనం తినే ఉప్పులో ఉండేదే. లోపల పొటాషియం ఎక్కువట, అరటిపండులో ఉంటుందిట. రెండూ ప్లస్సు మోసుకు తిరిగేవే. కణం గోడకి సన్నసన్న దారులుంటాయి. అవి పొటాషియాన్ని కొంచెం కొంచెం బయటికి జారనిస్తాయి, సోడియాన్ని మాత్రం అంత తేలిగ్గా లోపలికి రానివ్వవు. పొటాషియం జారిపోయినప్పుడల్లా ఒక ప్లస్సు బయటికి పోతుంది. లోపల ఆ మేరకి వెలితి పడుతుంది. అంటే లోపల మైనస్, బయట ప్లస్. వెలితి ముదిరేకొద్దీ అదే పొటాషియాన్ని వెనక్కి లాగుతుంది. అలా ఒకచోట నిలబడుతుంది.

"అదేనమ్మా నరంలో కరెంటు" అంది. "టార్చి బ్యాటరీలో ఉండేదానికి ఇరవయ్యో వంతు ఉంటుందేమో. దాన్ని అలా పట్టి ఉంచితేనే, చెయ్యి ఎత్తాలన్నా మాట అనాలన్నా నరం ఒక్కసారిగా దాన్ని వదిలి పని చేయించగలదు."

"మరి పట్టి ఉంచేదెవరు?" అన్నాను.

సోడియం కూడా ఎక్కడో ఒక సందు చూసుకుని లోపలికి దూరుతూనే ఉంటుందిట. వదిలేస్తే రెండూ కలిసిపోతాయి, తేడా పోతుంది, కరెంటు పోతుంది. అందుకని గోడలో ఒక పంపు ఉంటుందిట. మూడు సోడియాలని పట్టుకుని బయటికి గెంటుతుంది, రెండు పొటాషియాలని లోపలికి లాక్కొస్తుంది. మళ్ళీ మూడు గెంటుడు, రెండు లాగుడు. నువ్వు నిద్రపోయినా ఆగదు. తిన్న తిండిలో, పీల్చిన గాలిలో తలకాయ తన వాటా తీసుకుంటుంది చూడు, అందులో పెద్ద భాగం ఈ పంపే మింగేస్తుందిట. ఏ పనీ చెయ్యకుండా, ఏ ఆలోచనా లేకుండా ఉన్నప్పుడు కూడా! ఊరికే ఉన్నట్టు కనబడటానికే అంత చాకిరీ!

ఒరేయ్, తల తిప్పుకోకు. ఇక్కడే ఉంది అసలు సంగతి.

"దెబ్బకి లోపల వాచింది. ఆ ఒత్తిడికి రక్తం అందలేదు" అంది. "రక్తం అందకపోతే పంపు ఆగిపోతుంది. పంపు ఆగితే ఉప్పు లోపలికి తోసుకొచ్చేస్తుంది, వెనకే నీళ్ళు. కణాలు ఇంకా ఉబ్బుతాయి. పుర్రె సాగదు కదమ్మా! ఉబ్బినకొద్దీ వచ్చే రక్తం కూడా రాకుండా నొక్కేస్తుంది. ఇప్పుడు మిషను ఎంత గాలి కొట్టినా అక్కడికి చేరదు. అక్కడ కరెంటు లేదు. మళ్ళీ రాదు."

నేను చాలాసేపు వాడి వేళ్ళ వంకే చూశాను.

మేక ఎప్పుడో పోయింది, కండ ఆడుతోందంతే.

అన్నానా లేదా? నా నోటితో నేనే అన్నానా? జీవితమంతా ఆ మాట చెప్పి సరుకు అమ్మినదాన్ని, నా తమ్ముడి దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. వేలు కదిలితే మనిషి ఉన్నాడనుకున్నాను. డాక్టరమ్మ నాకు కొత్తగా చెప్పిందేముంది? నాకు గుర్తు చేసిందంతే.

నీళ్ళు తాగు. గొంతు పట్టుకుంటుంది.

అక్కడి నుంచి లేచి షాపుకి పోయాను. నెత్తురు కడగాలి కదా, ఎవరు కడుగుతారు? నువ్వా? తలుపు తియ్యగానే కంపు కొట్టింది. కోల్డ్ రూమ్ బార్లా తెరిచి ఉంది. సరుకంతా కుళ్ళిపోయింది. పచ్చగా, జిగటగా. ఈగలు ఝుమ్మని లేచాయి నా మొహం మీదికి. మిషను పని చేస్తూనే ఉంది, గొంతు చించుకుంటోంది, గదిలో మాత్రం చల్లదనం లేదు.

తలుపు మూశాను. మళ్ళీ తెరుచుకుంది. మూశాను. కిర్రుమంటూ మళ్ళీ వచ్చేసింది. అంచుకి ఉండే రబ్బరు ఎప్పుడో చచ్చిందిరా. గడియ పట్టడం లేదు. పగలు కమ్మీ వేసుకుంటే లోపలికి పోయిన ప్రతిసారీ తియ్యాలి, వెయ్యాలి. కమ్మీ ఎలాగూ పోలీసులు పట్టుకెళ్ళారు. ఏం చెయ్యాలో తోచక వాడి స్టూలు లాక్కుని తలుపుకి వీపు ఆనించి కూలబడ్డాను.

తలుపు మూసుకుంది.

స్టూలు ఎక్కడుండేది? చెప్పు. సరిగ్గా ఆ తలుపుకి ఆనుకుని. వాడు ఎందుకు కదిలేవాడు కాదు? ఎవరైనా లోపలికి పోతే కుంటుకుంటూ లేచి, దారి ఇచ్చి, వాళ్ళు రాగానే మళ్ళీ తలుపు తోసి, వీపు పెట్టి కూర్చునేవాడు. రోజంతా. మనం తెరవడం, వాడు మూయడం. ఒక్కసారైనా "తలుపు వెయ్యండ్రా" అన్నాడా మనతో? రబ్బరు మార్చాలని మాత్రం అన్నాడు. "మిస్త్రీ వస్తాడులే, నీకేం తొందర, నువ్వేమైనా నరకాలా" అని వెటకారం చేశావు.

ఎర్రటి ఎండలో వాడు స్వెట్టరు వేసుకుంటే ఏమన్నావు? "ముసలి గేదెకి చలేస్తోంది" అని బజారంతా వినేలా అన్నావు. నేనూ నవ్వాను. ఆసుపత్రిలో ఆ స్వెట్టరు కత్తిరించి నా చేతికిచ్చారు. ముందంతా నెత్తురు. వెనక, వీపు దగ్గర, తడి. నెత్తురు కాదు. నీళ్ళు. తలుపుకి పట్టిన చెమ్మ.

నేను కాసేపు కూర్చునేసరికే నడుములోకి చలి దిగిపోయిందిరా. పళ్ళు కొట్టుకున్నాయి. రాత్రిళ్ళు వాడి వీపుకి కాపడం పెడుతూ, "పగలంతా కూర్చునే ఉంటావు, నీకేం నొప్పులయ్యా" అని మీ వదినే ఎన్నోసార్లు విసుక్కుంది.

తలుపొకటేనా? నువ్వు బజార్లో ఎవడి కాలరు పట్టుకున్నా వాడు నేరుగా వచ్చేది ఆ స్టూలు దగ్గరికే. కత్తులు పట్టుకుని వచ్చినవాళ్ళున్నారు. చేపలవాడు గుర్తున్నాడా, నువ్వు పళ్ళు రాలగొట్టినవాడు? నీ చెయ్యి నరికి పట్టుకుపోతానని వచ్చాడు. మీ అన్న లేవను కూడా లేవలేదు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, వాడి తిట్లన్నీ మింగి, వాడి చేతులు పట్టుకుని బతిమాలి పంపించాడు. నువ్వు వెనక గుమ్మంలోంచి వచ్చి, "పిరికి సన్నాసి, ఒక్క దెబ్బ కొట్టలేకపోయావు" అన్నావు.

నీ చెయ్యి నీకుంది. చూసుకో. ఆ చెయ్యే కమ్మీ పట్టింది.

సరే. లాయరు. విను మరి, అంత ఆత్రంగా ఉంటే.

మిషను నడుస్తున్నంతకాలం నీది హత్యాయత్నం. మిషను తీసేస్తే హత్య. అదీ లాయరు మాట. అది అమ్మ చెవిన పడింది. ఆ ముసలి ప్రాణం నా కాళ్ళ మీద పడిపోయింది. అమ్మ! నా కాళ్ళ మీద! "పెద్దోడు ఎలాగూ రాడు, చిన్నోణ్ణి నాకు మిగల్చవే, బెయిలు వచ్చేదాకా ఆ మిషను ఉండనీవే" అంది. జుట్టు పీక్కుంది. గోడకేసి తల కొట్టుకుంది. నేను అడ్డంగా చెయ్యి పెడితే నా చెయ్యి కందిపోయింది, ఇదిగో.

మీ వదినని అడిగారు. "మీరే చెప్పండి వదినా, మీ ఇద్దరు తమ్ముళ్ళు" అంది. అంతే అంది.

నేనేం చెయ్యాలిరా? నువ్వు చెప్పు. వాణ్ణి అలా మేకు కొట్టి వేలాడదీసి ఉంచనా? మన షాపులో కొక్కేలకి వేలాడేవాటికీ వాడికీ తేడా ఏంటి? వాటికి చల్లగాలి, వాడికి వేడిగాలి. నీకు బెయిలు దొరికేదాకా మీ అన్నని నిలవ సరుకు చెయ్యమంటావా?

ఏంటి? "ఉంచమన్నావా" అనా?

తీసేయమన్నాను.

అవును. నేనే. ఇవాళ పొద్దున్న. లాయరు చెప్పింది తెలిసే అన్నాను, అమ్మ నా కొంగు పట్టుకుని లాగుతుండగా అన్నాను.

డాక్టరమ్మ గొట్టం తీసింది. నేను వాడి పాదం పట్టుకుని నిలబడ్డాను. గుండె కాసేపు పెనుగులాడింది, మోకాలు చితికినవాడు మెట్లెక్కినట్టు. ఆగిపోయింది. వేళ్ళు కదల్లేదు. నా కొంగులో ఇంకా ఆ పొట్లం ఉంది. తియ్యలేదు.

అరువు. అరువరా, ఎంతసేపైనా అరువు. ఊచలు ఊపితే ఊడవు. "నన్ను చంపేశావక్కా" అంటావా? అను. అమ్మ కూడా అదే అంది. ఇద్దరు తమ్ముళ్ళనీ పోగొట్టుకున్నాను కాబట్టి ఇక నన్నెవరేమన్నా నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

బాబూ, వాణ్ణి కొట్టకు! నేను కొట్టింది చాల్లే. వదిలెయ్, ఏడవనీ.

చిన్నోడా. గిన్నె తన్నేశావు కదా. చప్పన్నమే అయినా అది అన్నం. సర్లే. రేపు మళ్ళీ తెస్తాను. నువ్వు చేసింది చేశావు, నేను చేసింది చేశాను. అన్నం మాత్రం తేకుండా ఉండలేను, ఏం చెయ్యను? ఉప్పు వేస్తానో లేదో చెప్పలేను.

పోస్టుమార్టం అయ్యేదాకా వాణ్ణి ఇవ్వరట. ఇల్లు చూస్తే అమ్మ గది తలుపేసుకుంది, నా మొహం చూడదట. పొద్దున ఆర్డరు సరుకు దిగింది, ఆపమని చెప్పాలన్న ధ్యాస ఎవరికీ లేదు. మిస్త్రీ ఇంకా రాలేదు. తలుపు నిలవదు.

వెళ్తానురా. స్వెట్టరు కూడా లేదు, కత్తిరించేశారు.

పోయి ఊరికే కూర్చోవాలి.